పిగిలింది అనే మాట

మా తెలుగు మాస్టారికి తెలుగు రాదు. బందరులో నేను చదువుకున్న ఆడపిల్లల హైస్కూల్లో ఆయన పాతికేళ్లు తెలుగే చెప్పారు. ఊళ్లో ఏ సభ జరిగినా ముందు వరుసలో కూర్చున్నారు. సమాసాలు విడగొట్టడంలో అంతటి వారు జిల్లాలో లేరని పదిమందీ అన్నారు. అయినా రాదు. నేను ఎనిమిదో తరగతి చదివిన ఏడు, అంటే యాభైల చివర్లో, ఈ సంగతి నాకు రూఢిగా తెలిసింది. ఆయనకు తెలిసిందో లేదో చెప్పలేను. తెలిసినా ఒప్పుకునే మనిషి కాదు.

మాది దివిసీమ. నాన్న అక్కడ ఒక పల్లెలో ఉపదేశి. ఆదివారం గుళ్లో వాక్యం చెప్పడం, మిగతా రోజుల్లో పిల్లల చేత అక్షరాలు దిద్దించడం ఆయన పని. నా హైస్కూలు చదువు కోసం అమ్మ నన్ను తీసుకుని బందరు వచ్చి, చర్చికి దగ్గరలో రెండు గదుల పెంకుటింట్లో అద్దెకు దిగింది. నాన్న నెలకోసారి బియ్యం మూట, ఎండుచేపల పొట్లం పట్టుకుని చల్లపల్లి మీదుగా బస్సులో వచ్చేవాడు. అమ్మ చిన్నప్పుడు మిషను వాళ్ల బోర్డింగులో చదువుకుంది. అక్కడే కుట్టు మిషనూ నేర్చుకుంది. మా ఇంట్లో రెండూ మిషనే. ఎప్పుడు ఏ మిషను గురించి మాట్లాడుతున్నామో మాకెన్నడూ తికమక పడలేదు. వీధి వసారాలో కాలి మిషను వేసుకుని అమ్మ జాకెట్లు, లంగాలు, బడిపిల్లల గౌన్లు కుట్టేది. చదువంటే ఆమెకు బైబిలూ, కీర్తనల పుస్తకమూ. మాట మాత్రం సూదిలా ఉండేది, ఎక్కడ దిగాలో అక్కడే దిగేది.

మూడు నెలల పరీక్షలో తెలుగు పేపరు చివర ఒక ప్రశ్న ఉండేది. "ఈ క్రింది పదములకు అర్థములు వ్రాసి, సొంత వాక్యములలో ప్రయోగింపుము." ఆసారి ఇచ్చిన అయిదు పదాల్లో ఒకటి 'విచ్ఛిన్నము'. పాఠంలో ఏదో రాజ్యం విచ్ఛిన్నమైంది. మాస్టారు అర్థం చెప్పిన రోజున నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. ఆలోచించి, నాకు తోచింది రాశాను. అర్థము: పిగిలిపోవుట. వాక్యము: ఎక్కువ బియ్యము పోసిన యెడల సంచి కుట్టు వద్ద విచ్ఛిన్నమగును.

పేపర్లు దిద్ది ఇచ్చే రోజున మాస్టారు నా కాగితం అన్నిటికన్నా అడుగున పెట్టుకున్నారు. అందరివీ పంచడం అయిపోయాక దాన్ని పైకెత్తి పట్టుకుని, "లేవవే," అన్నారు.

లేచాను.

"పిగిలిపోవుట. ఇదేం మాట?"

"కుట్టు విడిపోవడమండీ."

"నాకు తెలియక అడగలేదు. ఇది ఏ నిఘంటువులో ఉంది?"

"మా అమ్మ అంటుందండీ."

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆయన ఓపిగ్గా ఆగారు. పిల్లల నవ్వు ఆయనకు పళ్లెంలో పెట్టి ఇచ్చిన తాంబూలం లాంటిది. తీరిగ్గా నమిలాకే మళ్లీ నోరు తెరిచేవారు.

"ఓహో. మీ అమ్మగారి నిఘంటువా! బళ్లోకి చెప్పులు వేసుకుని వస్తామా? గుమ్మం బయటే విడిచి వస్తాం. మీ పేటల్లో అనుకునే మాటలూ అంతే. బయట విడిచి లోపలికి రావాలి. 'పిగులుట అపశబ్దము' అని యాభైసార్లు వ్రాసుకుని రా."

రాశాను. ఇప్పటికీ నా మీద నాకు రోత కలిగించే విషయం ఇదే. యాభైసార్లు రాయమంటే ఒక్కటి తక్కువ కాకుండా, గీతలు కొట్టుకుని, గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా రాశాను. నలభయ్యోసారికి వచ్చేసరికి నిజంగానే అది తప్పు మాట అని నమ్మాను కూడా.

కాలేజీలో చేరాక ఒకరోజు లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీసి చూశాను. ఉంది. 'పిగులు' అని, క్రియ అని, అర్థంతో సహా నిక్షేపంగా ఉంది. ఆ పుస్తకం మా మాస్టారింట్లో గాజుతలుపుల బీరువాలో ఉండేదని ఊరంతా చెప్పుకునేది. బీరువా తలుపు తెరవడానికి ఆయనకు పాతికేళ్లు చాలలేదు.

ఆ యాభైసార్లూ నేను రాస్తుంటే అమ్మ మిషను ఆపి వచ్చి, కాగితం చేతిలోకి తీసుకుని గట్టిగా చదివింది.

"అపశబ్దమంటే ఏంటి? బూతా?"

"కాదమ్మా. తప్పు మాటని. పుస్తకాల్లో ఉండదంట."

"మరి చొక్కా పిగిలితే ఆయనేమంటాడంట?"

"విచ్ఛిన్నమయిందంటారు."

"చిరిగితే?"

"అదీ విచ్ఛిన్నమేననుకుంటా."

అమ్మ గుడ్డపీలికల మూట విప్పి, మూడు ముక్కలు తీసి చాప మీద వరసగా పెట్టింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కోపంగా ఉందేమో అనుకున్నాను గానీ లేదు. కొత్తగా కుట్టు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"ఇదిగో, ఇది చిరిగింది. మేకు పట్టుకుంది. గుడ్డ మంచిదే, బయట నుంచి ఏదో వచ్చి లాగింది. దీనికి మాసిక వేస్తే సరి. ఇది పిగిలింది. లోపల మనిషి లావయ్యాడు, కుట్టు ఆగలేదు. గుడ్డకేం కాలేదు, మళ్లీ కుట్టుకోవచ్చు. ఇదిగో ఈ మూడోది చూడు." రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం అటూ ఇటూ లాగింది. చప్పుడు కూడా లేకుండా రెండుగా విడిపోయింది. "ఇది చివికింది. దీన్ని ఎవరూ ఏం చెయ్యలేదు. దాని ఆయుష్షు అయిపోయింది. దీనికి సూది గుచ్చితే ఆ కన్నమే పెద్దదవుద్ది. మూడూ ఒకటేనంటే ఎట్టా? ఏది ఏదో తెలియకపోతే ఏం చెయ్యాలో ఎట్టా తెలుసుద్ది?"

"మాస్టారు ఒకటేనంటారు."

"అయితే ఆయన పంతులుగా ఉండటమే మంచిది. దర్జీ అయ్యుంటే ఊరి గుడ్డలన్నీ పోయేవి," అని లేచి మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

ఇది జరిగిన నాలుగు నెలలకు మాస్టారికి గుడివాడలో సన్మానం కుదిరింది. ఎవరో సాహిత్యాభిమానులట, పండితులను పిలిచి దండ వేసి శాలువా కప్పుతారట. వారం రోజులు క్లాసులో పాఠం లేదు, ఆ సన్మానం గురించే. ఇంతకు ముందు ఎవరెవరికి చేశారు, వాళ్లకన్నా ఈయన ఏ విధంగా ఎక్కువ అన్నదే మాకు పాఠం.

ఆ శనివారం పొద్దున బడి లేదు. నేను లోపలి గదిలో బియ్యం ఏరుతున్నాను. మెట్ల దగ్గర మగగొంతు వినిపించింది.

"ఇక్కడ కుట్టు మిషను ఉందన్నారు?"

"ఉందండీ. రండి, కూర్చోండి," అంది అమ్మ.

తలుపు సందులోంచి చూశాను. మా మాస్టారు. అది మా ఇల్లని ఆయనకు తెలియదు. లోపలికి రాలేదు, కూర్చోలేదు. వీధిలో నిలబడే చెయ్యి చాచి, మడత పెట్టిన నల్లటి పొడుగు కోటును వసారాలో బల్ల మీద పెట్టారు. అమ్మ చేతికి తన చెయ్యి తగలకుండా ఎంత జాగ్రత్త పడ్డారో అంత జాగ్రత్తగా పేపర్లు దిద్ది ఉంటే బాగుండేది. ఆయన మామూలు దర్జీ పెళ్లికని పెడన వెళ్లాడట.

"చంకలో పిగిలిందమ్మా," అన్నారు. "మధ్యాహ్నం రైలుకి గుడివాడ వెళ్లాలి. ఒక్క కుట్టు వేసి పెట్టు."

నా చేతిలో బియ్యం చేతిలోనే ఉండిపోయాయి. పిగిలింది! ఎంత హాయిగా వచ్చింది ఆ నోటి నుంచి! తడుముకోలేదు, దగ్గలేదు. ఇంట్లో వాళ్లావిడతో రోజూ మాట్లాడే మాట అలాగే వచ్చింది. నా చేత యాభైసార్లు రాయించిన మనిషి ఈయనేనా అని మళ్లీ చూశాను. ఈయనే. మాట తప్పవడం కాదు విషయం, అది నా పేపర్లో ఉండటమే తప్పు.

అమ్మ కోటు తిరగేసింది. కలరా ఉండల వాసన నా దాకా వచ్చింది. వెలుతురుకేసి పట్టి చూసి, రెండో చంక కూడా తడిమి చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఇది పిగల్లేదండీ. చివికింది."

"ఏమిటీ?"

"కుట్టు ఊడితే పిగిలినట్టండీ. కుట్టు గట్టిగానే ఉంది. దాని పక్కన గుడ్డ పోయింది, చెమటకి. ఈ రెండో చంక కూడా ఇవాళో రేపో పోయేట్టే ఉంది. లోపల వేరే గుడ్డ పెట్టి రెండు పక్కలా మాసిక వెయ్యాలి. సాయంత్రం దాకా పడుద్దండీ."

"పిగిలిందని నేను చెబుతుంటే కాదంటావేమిటమ్మా? నా పెళ్లినాటి కోటు, మేలురకం గుడ్డ. ఒక్క కుట్టు చాలు."

"ఆగదండీ."

"ఆగుతుంది. వెయ్యి."

అమ్మ పోయిన గుడ్డ వదిలి, కాస్త గట్టిగా ఉన్న చోటు పట్టుకుని ఒక్క కుట్టు వేసింది. ఇచ్చేటప్పుడు మాత్రం, "చేతులు పైకెత్తకండి," అంది. ఆయన వినిపించుకోకుండా కోటు అందుకుని వెళ్లిపోయారు.

"మా తెలుగు మాస్టారమ్మా," అన్నాను బయటికొచ్చి.

అమ్మ వీధికేసి చూసింది. ఆయన అప్పటికే మలుపు తిరిగారు. "ఈయనేనా!" అని నవ్వింది. "పాపం, ఆయనకి ఆ మాట వచ్చుగానీ ఎక్కడ వాడాలో తెలియదు."

గుడివాడలో జరిగింది సోమవారానికల్లా బడికి చేరింది. మా క్లాసు పిల్ల వాళ్ల మావయ్య ఆ సభలో ఉన్నాడు. దండ వెయ్యగానే మాస్టారు నిండు సభకి రెండు చేతులూ తల పైకెత్తి నమస్కారం పెట్టారట. రెండు చంకలూ ఒకేసారి పోయాయట. నల్ల కోటులోంచి తెల్ల చొక్కా అటొక జానెడు, ఇటొక జానెడు కనిపించి ముందు వరుసవాళ్లు ముసిముసిగా నవ్వారట. ఆ తరువాత గంటసేపు మాట్లాడినా చేతులు ఒంటికి కరుచుకునే మాట్లాడారట. ఆ పిల్ల బాసింపట్టు వేసుకుని, మోచేతులు డొక్కలకు ఆనించి, ఆయనలాగే మాట్లాడి చూపించింది. కడుపు పట్టుకుని నవ్వాను. చాలా బాగుంది నాకు. బాగోలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది.

ఆ నవ్వు రెండు రోజులే నిలిచింది. మా బళ్లో కుట్టు టీచరు పురిటి సెలవు మీద వెళ్తున్నారు. ఆ ఆరు నెలలూ అమ్మని రమ్మని హెడ్మిస్ట్రెస్ గారు కబురు పెట్టి ఉన్నారు. అమ్మ బడికి కట్టుకెళ్లడానికని రెండు తెల్లచీరలకు గంజి పెట్టి మడతలు వేసి ఉంచుకుంది కూడా. మాస్టారికి ఈ సంగతి తెలిసింది. తిన్నగా హెడ్మిస్ట్రెస్ గారి గదికి వెళ్లి, "ఆవిడ వేసిన కుట్టు పిగిలి నిండుసభలో నా పరువు పోయిందండీ. అలాంటి మనిషి మన పిల్లలకేం నేర్పుతుంది?" అని చెప్పి వచ్చారు. చివికిన గుడ్డను గుడివాడ దాకా ఊరేగించింది తాను. మాట పడాల్సింది మా అమ్మ.

హెడ్మిస్ట్రెస్ గారు అమ్మని పిలిపించారు. కాకినాడ వైపు నుంచి వచ్చినావిడ, సన్నగా, పొడుగ్గా, ఎవరినీ గొంతెత్తి ఒకమాట అనని మనిషి. నేను గదిబయట నిలబడితే అమ్మే, "నువ్వూ రా. నీ గురువుగారేగా," అని లోపలికి తీసుకెళ్లింది. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను, అమ్మని మార్చి మార్చి చూశారు. ఎవరింటికి కోటు పట్టుకెళ్లారో అప్పుడు అర్థమైంది ఆయనకి.

"మీరు వేసిన కుట్టు పిగిలిందంటున్నారు మాస్టారు," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. "ఏమంటారు?"

"నేనేమీ అననండీ. కోటు తెప్పించండి, అదే చెప్పుద్ది," అంది అమ్మ.

"కోటెందుకండీ ఇప్పుడు," అని మాస్టారు సగం లేచారు. హెడ్మిస్ట్రెస్ గారు అప్పటికే ప్యూనుని ఆయనింటికి పంపేశారు. కోటు వచ్చేదాకా అమ్మ గోడమీద దేశపటం చూస్తూ నిలబడింది.

కోటు వచ్చింది. అమ్మ దాన్ని బల్ల మీద పరిచి, లోపలి వైపు తిప్పింది.

"ఇదండీ నేను వేసిన కుట్టు. లాగి చూడండి."

హెడ్మిస్ట్రెస్ గారు కళ్లజోడు పెట్టుకుని రెండు చేతులా లాగారు. స్వయంగా ఎంబ్రాయిడరీ చేసుకునే మనిషి, లాగడం తెలుసు. కుట్టు చెక్కుచెదరలేదు.

"ఇదిగోండి, పోయింది ఇక్కడ. కుట్టుకి ఇవతల." అమ్మ వేలితో తాకితే నల్లటి పోగులు పొడిపొడిగా రాలాయి. "ఈ రెండో చంక అసలు నేను ముట్టుకోలేదండీ. అదీ ఇలాగే పోయింది. ఇది పిగల్లేదు, చివికింది. ఆయన వచ్చిన రోజునే చెప్పాను."

హెడ్మిస్ట్రెస్ గారు కళ్లజోడు తీశారు. "మాస్టారూ, కుట్టు పిగిలిందని కదా మీరు చెప్పారు? పిగిలిందా, చివికిందా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. క్లాసులో పద్యం ఎత్తుకునే ముందు అలాగే సవరించుకునేవారు. "పిగులుట, చివుకుట... ఈ గ్రామ్యపదాల మీద చర్చ దేనికండీ? మొత్తానికి కోటు విచ్ఛిన్నమైనది. నేను మనవి చేసింది అంతే."

"విచ్ఛిన్నమంటే ఏంటండీ?" అంది అమ్మ. వెక్కిరింపు లేదు ఆ గొంతులో, నిజంగానే అడిగింది. "నేను పాడుచేశాననా? పాతదైపోయిందనా?"

ఆయన మళ్లీ గొంతు సవరించుకున్నారు. తప్పెవరిదో చెప్పకుండా తప్పించుకోవడానికి అంత పెద్ద మాట కావలసి వచ్చింది. తరువాతి రోజుల్లో ఎన్నో ఆఫీసుల్లో, ఎన్నో కాగితాల మీద, ఇలాంటి పెద్ద మాటలు చూశాను. ప్రతిసారీ ఆ కుర్చీలో ఆయన గొంతు సవరించుకోవడమే వినిపించింది.

"సోమవారం నుంచి రండమ్మా," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు అమ్మతో. కోటు మడిచి మాస్టారి చేతికి తానే ఇచ్చారు. బయటికి వచ్చాక అమ్మ చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా ఉంది. దేశపటం చూస్తూ నిలబడ్డ మనిషికి లోపల అంత భయం ఉందని నాకు అప్పుడు తెలిసింది.

ఆ ఆరు నెలలూ అమ్మా మాస్టారూ ఒకే స్టాఫు రూములో కూర్చున్నారు. ఆయన తన కుర్చీని కిటికీ పక్కకి జరిపించుకున్నారు. అమ్మని పేరు పెట్టి గానీ, వరస పెట్టి గానీ పిలవలేదు. పలకరించాల్సి వస్తే గోడతో మాట్లాడినట్టు మాట్లాడేవారు. నన్ను క్లాసులో ఒక్క ప్రశ్నా అడగలేదు. చెయ్యెత్తినా నా నెత్తి మీదుగా వెనక బెంచీకి చూసేవారు. ఎస్సెల్సీ దాకా అంతే. ఆయన దగ్గర తెలుగు నేర్చుకోకుండా తప్పించుకున్నందుకు ఆయనకే నేను ఋణపడి ఉన్నాను.

నేను పదో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మా వసారాలో ఒకావిడ కూర్చుని మజ్జిగ తాగుతోంది. చేతిలో కొత్త జాకెట్టు గుడ్డలు. మాస్టారి భార్య. పెద్దమ్మాయి పెళ్లట. ఊళ్లో ఇంత పొందిగ్గా కుట్టేవాళ్లు లేరని ఎవరో చెప్పారట. "మా ఆయన ఆ కోటు సంగతి ఏవేవో చెప్తారు గానీ, అది చివికిపోయిందని నేను అంతకు రెండేళ్ల ముందు నుంచే మొత్తుకున్నాను వదినా," అంటోంది అమ్మతో. వదినా అనే అంది.

అమ్మ ఆ జాకెట్లు మూడు రోజులు కూర్చుని కుట్టింది. చేతులకు లోపలి వైపు రెండేసి కుట్లు వేసింది. రేపు పెళ్లికూతురు ఒళ్లు చేస్తే వదులు చేసుకోవడానికని అంచుల్లో గుడ్డ కూడా వదిలింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయనింటి గుడ్డలకి అంత మర్యాదెందుకమ్మా? ఏదో ఒకటి కుట్టి ఇవ్వకపోయావా?" అన్నాను.

అమ్మ దారం పళ్లతో తెంపింది. "జాకెట్టేం చేసిందే?" అంది.

ఆమెకు ఆ గుణం ఉంది. నాకు రాలేదు. మాస్టారు పోయారని తెలిసిన రోజున నేను గుడివాడలో పిల్లలకి తెలుగు పాఠం చెబుతున్నాను. పాఠం ఆపలేదు.